నుదుటి అంచు దాచని ఫొటో

అమీర్‌పేట పెద్ద రోడ్డు మీద నిలబడి తలెత్తితే హెయిర్ ప్యాచ్ దుకాణాల బోర్డులు కనబడతాయి. ఎడమ పక్క బట్టతల, కుడి పక్క నిండు జుట్టు, మనిషి ఒకడే. ఎడమ ఫొటోలో అతను దిగులుగా ఉంటాడు. వెలుతురు నడినెత్తిన పడి తల మెరుస్తుంటుంది. కుడి ఫొటోలో నవ్వుతుంటాడు. వెలుతురు ఎదుటి నుంచి మెత్తగా పడుతుంటుంది, చొక్కా కూడా మారి ఉంటుంది. ప్యాచ్ పెట్టించుకోవాలా వద్దా అని నెలల తరబడి నలిగిన మనిషి ఆ రెండు ఫొటోలనే నమ్ముకుని మెట్లెక్కుతాడు. అందుకే ఆ ఫొటోల బాధ్యత చిన్నది కాదు.

ఈ సంగతి మీద వాదించుకున్న ఇద్దరిలో సూర్యం గారిది తెనాలి. రీలు కెమెరాల కాలం నుంచి పెళ్ళిళ్ళు తీస్తున్న ఫొటోగ్రాఫరు, అరవై దాటిన మనిషి. నర్సింగ్‌ది జనగామ దగ్గర పల్లె. తండ్రి సెలూన్‌లో కత్తెర పట్టడం నేర్చుకున్నాడు, ఇప్పుడు నగరంలో మేడ మీద ప్యాచ్‌లు అతికించే దుకాణం నడుపుతున్నాడు. దుకాణానికి కొత్త ఫొటోలు కావాలని సూర్యం గారిని పిలిచాడు. కెమెరా సంచీలోంచి బయటికి రాకముందే వాదన మొదలైంది.

నర్సింగ్: సార్, మంచి ఫొటోలు కావాలె. జుట్టు నల్లగ, ఒత్తుగ కనబడాలె. ముందు లైన్ మాత్రం కొద్దిగ సాఫ్ట్‌గ ఉంచున్రి. గంతే.

సూర్యం: ఆ ముందు లైన్ చూడ్డానికే కదయ్యా మనిషి నీ ఫొటో దగ్గర ఆగేది. నీ పనితనమంతా నుదురు అయిపోయి జుట్టు మొదలయ్యే ఆ అరంగుళంలో ఉంది. దాన్నే మసక చెయ్యమంటే ఇక నేను తీసేది దేన్ని?

నర్సింగ్: మీ లెన్సు నాలుగు వేళ్ళ దూరంకెళ్లి చూస్తది. మనిషి మనిషిని గంత దగ్గరకొచ్చి చూస్తడా? ఆఫీసుల మాట్లాడేటప్పుడు మూడు ఫీట్లు దూరముంటరు. ఆ దూరంల నేను పెట్టిన లేస్ ఎవ్వరికీ కనబడది. మీ ఫొటోల మాత్రం జాలి గళ్ళు కనబడ్తయి, ఒక్కొక్క వెంట్రుక కాడ ముడి చుక్కగ కనబడ్తది. ఎవ్వరూ చూడనిదాన్ని పెద్దగ చేసి చూపెట్టి, గిదే నిజం అంటరు. అది మాత్రం అబద్ధం కాదా?

సూర్యం: బాగా అడిగావు. దగ్గర ఫొటో ఒక్కటే పెట్టి ఇదే నిజమంటే అబద్ధమే. అందుకే రెండూ పెట్టమంటాను. మీటరు దూరం నుంచి ఒకటి, అంచు దగ్గర నుంచి ఒకటి, పక్కపక్కన. మీటరు ఫొటో చూస్తే ఆఫీసులో ఎలా ఉంటానో తెలుస్తుంది, దగ్గర ఫొటో చూస్తే ఇంట్లో ఎలా ఉంటానో తెలుస్తుంది. ఇంట్లో భార్య మూడడుగుల దూరంలోనే ఉంటుందా? ఎత్తుకున్న పిల్లవాడు నాన్న నుదుటి మీద చెయ్యి పెట్టడా? డబ్బు కట్టేవాడికి ఆ సంగతి ముందు తెలియాలా, తరవాత తెలియాలా?

నర్సింగ్: తెలియాలె. కాదంటలేను. నేను నోటితో చెప్త గదా సార్, లేస్ అంటే ఇట్లుంటది, స్కిన్ అంటే ఇట్లుంటది అని.

సూర్యం: ఏదీ, నాకు చెప్పు. వాటిలో తేడా తెలియకుండా నేనూ లైటు పెట్టలేను.

నర్సింగ్: చూడున్రి. గిది లేస్. దోమతెర కంటే సన్నటి జాలి. దీనిల కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుక చేత్తో ముడేస్తరు. నల్ల వెంట్రుక ముడి నల్లగనే ఉంటది, తెల్లటి తోలు మీద చుక్కలు చుక్కలుగ కనబడ్తది. అందుకే ముందు వరసల ముళ్ళను బ్లీచ్ చేస్తరు. చేస్తే కనబడవు, కాని వెంట్రుక బలం తగ్గుతది, తొందరగ రాలుతది. గిది స్కిన్, సన్నటి పాలీయురిథేన్ పొర. ముడి ఉండదు, వెంట్రుకను మడిచి పొరల గుచ్చుతరు. నుదుటికి అతుక్కపోయినట్టు మంచిగుంటది, కాని ఎండల చెమట ఊరుతది, లైటు పడితే పొర మెరుస్తది. గిది మోనో. గట్టిది, ఎక్కువ రోజులొస్తది, కాని ముందు అంచుకు మోటుగుంటది. అందుకే శానామంది ముందల లేస్, వెనక మోనో కలిపి తీసుకుంటరు.

సూర్యం: ఇంత తెలిసినవాడివి, బోర్డు మీద మాత్రం ‘నూరు శాతం సహజం’ అని రాయించావు. ఇప్పుడు నా సంగతి విను. నువ్వు ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీయమంటే ఆ స్కిన్ పొర అద్దంలా మెరిసి ముందు అంచు బయటపడుతుంది, నీకు నష్టం. అదే కిటికీ వెలుతురు పెద్దగా, ఎదుటి నుంచి పరిస్తే అంచు ఎత్తు కనబడకుండా పోతుంది, కొనేవాడికి నష్టం. నేను లైటుని పక్కకి జరిపి, నుదురు మీద ఏటవాలుగా పడనిస్తాను. అంచు ఎక్కడ లేచిందో, టేపు ఎక్కడ పట్టు వదిలిందో అప్పుడే తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో, బస్టాపులో, మనిషి మీద పడే వెలుతురు అదే కదా.

నర్సింగ్: గంత పక్కకెళ్లి కొడితే మంచి తోలు మీద మొటిమ గూడ గుట్టలెక్క కనబడ్తది.

సూర్యం: అందుకే దాన్నొక్కదాన్నే పెట్టను. ఎదుటి వెలుతురులో ఒకటి, పక్క వెలుతురులో ఒకటి. ఇంకో సంగతి, నీకు ఫోనుతో ఫొటోలు తీసిపెట్టే కుర్రాడున్నాడు కదా, అతనివి చూశాను. తలంతా నల్లజుట్టే కాబట్టి ఫోను చీకటి అనుకుని వెలుతురు పెంచేసింది. దాంతో జుట్టు బూడిదరంగుకి తిరిగింది, నుదురు తెల్లగా పేలిపోయింది. నుదురు అంత తెల్లబడితే దాని మీది లేస్ కనబడదు. అతను కావాలని చేసింది కాదు, కాని ఆ ఫొటో మోసం చేస్తుంది. తెర మీద వేలు పెట్టి నుదుటి దగ్గర ఫోకస్ పట్టి, వెలుతురు కొంచెం తగ్గించుకుంటే చాలు.

నర్సింగ్: పోర్ట్రెయిట్ మోడ్‌ల తీసినం సార్, వెనక మసక మంచిగ వచ్చింది.

సూర్యం: అది ఇంకా తప్పు. ఆ మోడ్ మనిషి ఎక్కడ అయిపోయాడో లెక్క వేసుకుని మిగతాది మసక చేస్తుంది. పైకి లేచిన సన్న వెంట్రుకలు దానికి మనిషిలో భాగమని తెలియవు, వాటినీ కోసేస్తుంది. తల చుట్టూ గీత గీసినట్టు వస్తుంది. మంచి ప్యాచ్ కూడా నాటకం విగ్గులా కనబడుతుంది. దానికి తోడు బ్యూటీ ఫిల్టర్ తోలుని నున్నగా చేసి లేస్‌ని తుడిచేస్తుంది. రెండూ తీసెయ్. వెనకాల లేత బూడిదరంగు గోడ ఉంటే చాలు, నల్ల తెర వద్దు. నల్లజుట్టు నల్ల తెరలో కలిసిపోతే ఒత్తు ఎంతో, పలచన ఎంతో ఎవరికి తెలుస్తుంది?

ఇక్కడ నా మాట ఒకటి కలపాలి. సూర్యం గారు చెబుతున్నవి పెద్ద కెమెరా రహస్యాలు కావు. మంచి ఫోను, కిటికీ, లేతరంగు గోడ ఉన్న ఏ దుకాణమైనా చేయగలిగినవే. అయినా చాలా బోర్డుల మీద జరగడం లేదంటే, అది చేతకాకపోవడం కాదు, వద్దనుకోవడమే. నర్సింగ్ ఎందుకు వద్దంటున్నాడో అతని నోటనే వినాలి. అందులో వ్యాపారం ఒక్కటే లేదు.

నర్సింగ్: సార్, మీరు నా కస్టమర్లను చూడలేదు. మాస్కు పెట్టుకుని, టోపీ పెట్టుకుని వస్తరు. కింద బోర్డు కాడ నిలబడరు, ఫోన్ మాట్లాడుకుంట రోడ్డు దాటి ఒక్కసారి మెట్లెక్కుతరు. లోపల పరదా వేసిన రూముంటేనే కుర్చీల కూసుంటరు. ఒకాయనకు పెళ్ళయి శాన ఏండ్లయింది, ఆయన బామ్మర్దికి ఇప్పటికీ తెల్వదు. గట్లాంటోళ్ళ జుట్టును మీరు ముళ్ళతో సహా చూపెడితే ఏమయితదో తెలుసా? ఇప్పటిదాక జనానికి ఎట్ల గుర్తుపట్టాల్నో తెల్వదు. మీ ఫొటోలు చూస్తే తెలుస్తది. బస్సుల పక్కన కూసున్నోని నుదురు దిక్కు చూసుడు షురూ చేస్తరు. ఒక్కని ఫొటో మంచిగ వస్తే పెట్టుకున్నోళ్ళందరి గుట్టు పోతది.

సూర్యం: ఈ మాట నేననుకోలేదు.

నర్సింగ్: అనుకోరు. మీ పని చూపెట్టుడు. నా పని దాచుడు. నా కాడికి వచ్చేటోడు దాచిపెట్టమనే పైసలిస్తడు.

సూర్యం: అలాగే అనుకుందాం. కాని అబ్బాయ్, జనం ఇప్పుడు గుర్తుపట్టేది ఏ ప్యాచ్‌ని? చెడ్డదాన్ని. నలభై అయిదేళ్ళ మనిషికి ఇరవయ్యేళ్ళ కుర్రాడి అంచు పెడతారు. కనుబొమల మీదికి దించి, కణతల దగ్గర లోపలికి పోనివ్వకుండా గీత గీసినట్టు, మొదటి వెంట్రుక నుంచే ఒత్తుగా. దాన్ని గుర్తుపట్టడానికి నా ఫొటో అక్కర్లేదు. మసక ఫొటో చూసి కొన్నవాడే అలాంటిది పెట్టుకుని తిరుగుతాడు. ముందు అరంగుళం పలచగా ఉండాలని, కణతల దగ్గర కొంచెం వెనక్కి పోవాలని అతనికి ఎవరు చూపించారు? నోటితో చెప్పావు సరే, చెప్పింది కళ్ళకి కట్టకపోతే అతను ఒత్తుగానే అడుగుతాడు.

నర్సింగ్: అదైతే నిజమే. నూటికి తొంభైమంది ఒత్తుగనే అడుగుతరు. కొంచెం తగ్గించుకోండి, వయసుకు తగ్గట్టుంటది అంటే, పైసలు పూర్తిగ తీసుకుని జుట్టు తక్కువిస్తున్నవా అంటరు.

సూర్యం: అదే నేను చెప్పేది. ఆ తగాదా తీర్చేది ఫొటోనే. నేను పెళ్ళిళ్ళ మనిషిని, నాకు తెలిసింది చెప్తాను. జీలకర్రా బెల్లం పెట్టే క్షణం ఉంటుంది చూడు. తెరకి అటొకరు ఇటొకరు కూచుని ఒకరి తల మీద ఒకరు పెడతారు. ముహూర్తం అదే కాబట్టి ఫొటోగ్రాఫర్లందరం అక్కడే మూగుతాం. స్టూలెక్కి పైనుంచి ఒకడు, పక్కనుంచి ఒకడు, వీడియో లైటు సరిగ్గా మాడు మీద. ఆ తడి ముద్ద జుట్టుకి అంటుకుని అలాగే ఉంటుంది. తరవాత తలంబ్రాలు. ప్యాచ్ పెట్టుకున్న పెళ్ళికొడుకు ఆ కాసేపూ ఎలా కూచుంటాడో నాకు తెలుసు. మెడ బిగుసుకుపోతుంది, చెయ్యి ఊరికే నుదుటి దగ్గరికి పోతుంది. తన మాడు పైనుంచి ఎలా కనబడుతుందో అతనికి ఎవరూ చూపించలేదు. అద్దంలో మాడు కనబడదు. పైనుంచి తీసిన ఒక్క ఫొటో ముందే చూపించి ఉంటే ఆ కుర్రాడు తన పెళ్ళి తను చూసుకునేవాడు. అతని ఫొటో అతనికే చూపించడానికి గుట్టు అడ్డం రాదు కదా?

నర్సింగ్: రాదు. ఆయన ఫొటో ఆయనకు చూపెట్టుడు వేరే. పైనుంచి తీసేటప్పుడు సుడి చూడాలె సార్. ప్యాచ్ మీద సుడి సరిగ్గ లేకుంటే మాడు మీద జుట్టు అంతా ఒక్క దిక్కే పడుకుంటది. అది తెల్వాలంటే పైనుంచి తీసిన ఫొటో కావాలె, ఒప్పుకుంట.

సూర్యం: సరే, ఇంకో సంగతి అడుగుతాను. నీ ఫోన్లో ఇందాక ఎవరితోనో గట్టిగా మాట్లాడావు, ఫొటో సరిగ్గా లేదని.

నర్సింగ్: డాలస్‌ల ఉంటడు. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు ప్యాచ్‌లు తీసుకపోయిండు, అక్కడ ఆయనే ఫిక్స్ చేసుకుంటడు. ముందు అంచు లేస్తున్నదని వాట్సాప్‌ల ఫొటో పంపిండు. బాత్రూమ్ల తీసిండు, పసుపు లైటు, అంతా మసక. గమ్ లేచిందా, లేస్ చినిగిందా, చెమటకు టేపు జారిందా, ఏం తెలుస్తది? పైగా సెల్ఫీ. ఇంకొకాయన న్యూజెర్సీల ఉంటడు, గిట్లనే సెల్ఫీ పంపితే అందుల పాపిడి కుడికి కనబడింది. నేను కుడికే కట్ చేసి పంపిన. ఆయనది ఎడమ పాపిడి. ఫోను అద్దంలెక్క తిప్పి చూపెట్టింది.

సూర్యం: చూశావా. నీకు పని పడేసరికి నీకూ స్పష్టమైన ఫొటోయే కావాలి. వాళ్ళ దగ్గర నువ్వు అడిగే స్పష్టత, నీ దగ్గర వాళ్ళు అడిగితే తప్పేమిటి?

నర్సింగ్ కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగింది వాదన కోసం కాదు.

నర్సింగ్: వాళ్ళకు ఎట్ల తీయాల్నో మీరే చెప్పున్రి సార్. ఇంట్ల ఒక్కడే ఉంటడు, ఇంకొకర్ని తీయమనలేడు.

సూర్యం: పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడమను. గదిలో లైట్లన్నీ ఆర్పెయ్యమను. పసుపు బల్బు, తెల్ల వెలుతురు కలిస్తే జుట్టు అసలు రంగు తెలియదు. ఫోను వెనక కెమెరా వాడమను, ముందుది కాదు. ఫోనుని కంటి ఎత్తున పుస్తకాలకి ఆనించి, మీటరు పైన దూరం జరిగి, రెండు రెట్ల జూమ్ పెట్టి, టైమర్ నొక్కమను. చెయ్యి చాచి దగ్గరగా తీస్తే ముక్కు, నుదురు ఉబ్బుతాయి, కణతలు వెనక్కి పోతాయి. అంచు ఉన్నచోటి కంటే పైకెళ్ళినట్టుంటుంది. తల తిన్నగా ఉంచి ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కొక్కటి, గడ్డం ఛాతీకి ఆనించి మాడు కనబడేలా ఒకటి, జుట్టు వెనక్కి దువ్వి అంచు ఒకటి. వెనకవైపు కావాలంటే తల మెల్లగా తిప్పుతూ వీడియో తీసి, అందులోంచి బొమ్మ తీసుకోమను. పక్కన తెల్ల కాగితం ఒకటి పట్టుకుంటే రంగు ఎంత మారిందో నీకు తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా కాదు, డాక్యుమెంటుగా పంపమను, లేకపోతే నొక్కేసి చిన్నది చేస్తుంది.

నర్సింగ్: మన దుకాణంల ట్యూబులైటు కింద వీడియో తీస్తే గీతలు గీతలు వస్తయి.

సూర్యం: మన కరెంటు యాభై సైకిళ్ళది. షట్టరు సెకనులో యాభయ్యో వంతుకో నూరో వంతుకో పెడితే ఆ గీతలు పోతాయి. అది చిన్న పని. పెద్ద పని వేరే ఉంది, ఫొటో ఏ రోజు తీయాలన్నది. నువ్వు ఎప్పుడూ ఫిక్స్ చేసిన రోజే తీస్తావు.

నర్సింగ్: ఆ రోజే మంచిగుంటది గదా.

సూర్యం: పెళ్ళయిన రోజు ఆల్బం చూసి కాపురం ఎలా ఉందో చెప్పగలమా? నెల తరవాత తియ్యి.

నర్సింగ్: నెలకు ఏమయితదో మీకు తెల్వదు సార్. కింద సొంత జుట్టు పెరుగుతది, టేపు లూజ్ అయితది. అందుకే మూడు నాలుగు వారాలకు సర్వీసుకు రమ్మంట, తీసి, కడిగి, మళ్ళ పెడ్త. రంగేసిన జుట్టు ఎండకు ఎర్రబడ్తది. బోరు నీళ్ళ ఉప్పుకు మొద్దుబారుతది. హెల్మెట్ రోజూ రాసుకుని ముందల వెంట్రుకలు తెగుతయి. లేస్ ప్యాచ్ ఎంత మంచిగ చూసుకున్నా కొన్ని నెలలే. ఇదంతా నా తప్పా? నేను చెప్పినట్టు కండిషనర్ పెట్టడు, తడి తలతోని పడుకుంటడు. వాడు పాడు చేసుకున్నదాన్ని ఫొటో తీసి నా బోర్డు మీద పెట్టాల్నా?

సూర్యం: బాగా చూసుకున్నవాడిదే పెట్టు. దాని కింద ఎన్నో వారమో రాయి. బాగా చూసుకున్నా నెల తరవాత ఇంత ఎర్రబడుతుంది, ఇంత పలచబడుతుంది అని తెలిస్తే కొనేవాడు లెక్క వేసుకుంటాడు. ప్యాచ్ ధర ఒక్కటే కాదు, నెలనెలా సర్వీసు, కొన్ని నెలలకి ఇంకో ప్యాచ్. ఆ లెక్క తెలియక అప్పు చేసినవాళ్ళు లేరా?

నర్సింగ్: ఉన్నరు. ఒక పోరగాడు డెలివరీ పని చేస్తడు, పెండ్లి సంబంధం చూస్తున్నరని వచ్చిండు. రెండోసారి ప్యాచ్‌కు పైసలు లేక అదే పాతదాన్ని పెట్టుకుని తిరిగిండు. నేనే సగం ధరకు ఇచ్చిన. మొదలే చెప్పినా సార్, కాని అద్దంల చూసుకున్న సంబురంల ఎవ్వరికీ వినబడదు.

సూర్యం గారు అప్పుడు ఒక చర్మ వైద్యుడి దగ్గర తాను చేసిన పని గురించి చెప్పారు. బట్టతల మందుల పరీక్షల్లో ఫొటోలకి కఠినమైన పద్ధతి ఉంటుంది. తల ఒకే కోణంలో నిలపాలి, లైటు మారకూడదు, దూరం మారకూడదు, జుట్టు ఒకే తీరున దువ్వాలి. 1997లో అమెరికాలో పురుషుల బట్టతలకి అనుమతి పొందిన ఫినాస్టెరైడ్ మాత్ర పరీక్షల్లో అలా తీసిన ఫొటోలనే నిపుణులు పోల్చి చూశారు. బట్టతల దశలని హామిల్టన్ అనే పరిశోధకుడు 1951లో వర్గీకరించాడు, నార్వుడ్ 1975లో దాన్ని సవరించాడు. ఏడు దశల ఆ పటం నర్సింగ్ గోడ మీద కూడా ఉంది. మందుకి వర్తించే నియమం ప్యాచ్‌కి ఎందుకు వర్తించకూడదన్నది సూర్యం గారి ప్రశ్న.

నర్సింగ్: అది దవాఖాన. అక్కడ రోగి ఫొటో ఫైల్ల ఉంటది. నా ఫొటో గోడ మీద ఉంటది, ఇన్‌స్టాగ్రామ్‌ల ఉంటది. అక్కడికే వస్తున్న సార్. మీరు చెప్పినయన్నీ ఒప్పుకుంట. ఒకే లైటు, ఒకే దూరం, ఒకే చొక్కా, నెల తర్వాత ఫొటో. ముఖం మాత్రం ఒప్పుకోను.

సూర్యం: ముఖం లేకపోతే అంచు ఎత్తు ఎలా తెలుస్తుంది? కనుబొమ నుంచి జుట్టు ఎంత దూరంలో ఉందో చూడాలి కదా. కళ్ళు కప్పు, సరే. కనుబొమలు ఉండాలి.

నర్సింగ్: కనుబొమ మీద పుట్టుమచ్చ ఉంటది, గాయం గుర్తుంటది. వాడకట్టంతా గుర్తుపడ్తరు. వేరే ఒక దుకాణంల ఒకాయనను అడగకుంటనే ఫొటో పెట్టిన్రు. కళ్ళ మీద నల్ల పట్టీ వేసిన్రు, సరిపోయిందనుకున్నరు. ఊర్ల పెదనాయిన కొడుకు ఫోన్ల ఆ వీడియో వచ్చింది. చెవి చూసి గుర్తుపట్టిండు. దావతుల పదిమంది ముంగట నెత్తి మీద చెయ్యి పెట్టి గుంజబోయిండు. ఆయన ఇప్పుడు నా కాడికి వస్తడు, కాని ఊరికి పోతలేడు. మీరు మంచి ఫొటో అంటరు, నాకు ఆయన యాదికొస్తడు.

సూర్యం: (చాలాసేపటి తరవాత) అడగకుండా తీసింది తప్పు. స్పష్టంగా తీయడం తప్పు కాదు.

నర్సింగ్: స్పష్టంగ తీసినకొద్దీ అడుగుడు గూడ గట్టిగుండాలె సార్. మసక ఫొటోల మనిషి దొరకడు. మీ ఫొటోల దొరుకుతడు.

నేను నర్సింగ్ వైపు ఒరిగింది ఈ మాట దగ్గరే. అంచు విషయంలో సూర్యం గారి వాదానికి నా దగ్గర ఎదురు లేదు. కొనేవాడికి తెలియాల్సిందాన్ని దాచే ఫొటో తప్పుదోవ పట్టించే ప్రకటనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అలాంటి ప్రకటనకి పది లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది. కాని ముఖం విషయంలో నర్సింగ్ చెప్పిందే న్యాయం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అటే నిలబడుతుంది. ఫలానా పనికి వాడుకుంటామని చెప్పి అనుమతి తీసుకోవాలి, ఇచ్చిన అనుమతిని ఆ మనిషి వెనక్కి తీసుకోవచ్చు. కుర్చీలో కూచుని, ప్యాచ్ తీసి, తల తుడిపించుకుంటున్న మనిషిని ‘ఒక ఫొటో తీసుకుంటాం సార్’ అని అడిగితే అతను అవుననక ఏమంటాడు? ఆ అవును అనుమతి కాదు. అడగాల్సింది అతను జుట్టుతో, చొక్కా సర్దుకుని, బయటికి వెళ్ళబోయే ముందు, కాగితం చేతికిచ్చి.

సూర్యం: అయితే ఆ కాగితం మీద మూడు గళ్ళు పెట్టు. పూర్తి ముఖం, కనుబొమల నుంచి పైకి, ఉత్త అంచు మాత్రమే. అతను దేని మీద గుర్తు పెడితే నేను అదే తీస్తాను. ఏదీ వద్దంటే కెమెరా సంచీలోనే ఉంటుంది.

నర్సింగ్: ఉత్త అంచు మీదనే గుర్తు పెడ్తరు సార్ అందరు.

సూర్యం: పెట్టనీ. ఉత్త అంచు బాగా తీస్తే అదే చాలు. ఎవరి ముఖమో తెలియక్కర్లేదు, ఎలాంటి పనో తెలుస్తుంది. చూడు, ఈ వెంట్రుక ఎక్కడిది? తిరుమల కల్యాణకట్టలో ఎవరో మొక్కు తీర్చుకున్నదేమో, ఏలూరులో శుభ్రం చేశారేమో.

నర్సింగ్: ఎక్కడిదని చెప్పలేం. మన దేశంల జుట్టు శాన మటుకు చైనాకు పోతది. చింగ్‌దావ్ దిక్కు ఫ్యాక్టరీలల్ల ముళ్ళేసి, ప్యాచ్ అయి మళ్ళ మన కాడికే వస్తది.

సూర్యం: ఎవరిదైనా సరే, ఒక మనిషి తలమీద పెరిగిందాన్ని ఇంకో మనిషి వంగి కూచుని ఒక్కొక్కటిగా ముడేశాడు. ఆ పని చూపించడానికి నువ్వు సిగ్గుపడక్కర్లేదు. అతికించినవాడివి నువ్వు, నీ చెయ్యి కూడా మంచిదే. చెడ్డ పని చేసేవాడికి మసక కావాలి. నీకెందుకు?

ఆ పూట సూర్యం గారు ఫొటోలు తీయలేదు. కాగితం అచ్చయ్యాక వస్తానన్నారు. బోర్డు మీది పాత ఫొటోల సంగతి తేలలేదు. వాటిని దించేస్తే పక్క దుకాణానికి గిరాకీ పోతుందని నర్సింగ్, ఉంచితే కొత్తవి తీసి ప్రయోజనం లేదని సూర్యం గారు. ఆ విషయంలో నేను సూర్యం గారి పక్షమే. నర్సింగ్ ఇంకా ఒప్పుకోలేదు.

ప్యాచ్ పెట్టించుకోవాలనుకుంటున్న పాఠకులకి ఒక మనవి. డబ్బు కట్టే ముందు, నెల రోజులు వాడిన ప్యాచ్ ముందు అంచుని పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీసిన ఫొటో చూపించమని అడగండి. దుకాణదారు చూపిస్తే, అది ఆ మనిషి అనుమతితో తీసిందేనా అని కూడా అడగండి. రెండింటిలో ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా మెట్లు దిగి వచ్చేయండి.